అన్ని రకాల పాటలకూ పనికొచ్చే బేస్ గిటార్ ఏది? పికప్ నాబ్‌లు ఎలా వాడాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అకౌస్టిక్ గిటార్ వాయించాను. మా చర్చిలో బేస్ వాయించే అన్నయ్య ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోవడంతో ఇప్పుడు ఆ పని నా మీద పడింది. ఆదివారం ఆరాధన కాకుండా పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాకీ వెళ్తుంటాను. అక్కడ పాత మెలొడీలూ కావాలి, మాస్ పాటలూ కావాలి. ముప్పై వేల లోపు ఒక్క గిటార్‌తో అన్నీ నడవాలి.

షాపులో ఒకదానికి రెండు నాబ్‌లు, ఒకదానికి మూడు, ఇంకోదానికి ఐదు నాబ్‌లు, పైన ఒక స్విచ్. ఐదు నాబ్‌లది తీసుకుంటే అన్ని సౌండ్లూ వస్తాయని షాపాయన అంటున్నాడు. మూడు నాబ్‌లదాంట్లో ఒక వాల్యూమ్ కొంచెం తగ్గించగానే గుయ్‌మని శబ్దం వచ్చింది. అది పాడైపోయిన ముక్కా? ఏది తీసుకోమంటారు?

సమాధానం (విజయవాడ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ గుయ్‌మన్న శబ్దం సంగతి చూద్దాం. నువ్వు పట్టుకున్నది జాజ్ బేస్ తరహాది అయి ఉంటుంది. దానికి రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి, అంటే తీగల ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం చుట్టూ ఒక్క రాగి చుట్టు ఉన్న ముక్కలు. ఒకదాని రాగి చుట్టు, అయస్కాంతం రెండూ రెండోదానికి వ్యతిరేకంగా పెడతారు. వాల్యూమ్‌లు రెండూ పూర్తిగా తెరిచి ఉంటే రెండింట్లోకీ దూరిన కరెంటు హమ్ (ఆ గుయ్‌మనే శబ్దం) పరస్పరం కొట్టేసుకుంటుంది, తీగల శబ్దం మాత్రం కలుస్తుంది. ఒకదాన్ని తగ్గిస్తే ఆ లెక్క తప్పి హమ్ బయటపడుతుంది. ట్యూబులైట్లు, ఎల్‌ఈడీ బోర్డులు ఉన్న చోట ఇంకాస్త ఎక్కువగా వినిపిస్తుంది. కాబట్టి పాడైన ముక్కేమీ కాదు. అయితే ఒకటి చూడు: తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ తగ్గితే లోపల ఎర్త్ వైరు సరిగ్గా ఉన్నట్టు. చెయ్యి పెడితే పెరుగుతుంటే ఆ ముక్క వద్దు.

ఇక నాబ్‌ల సంఖ్య చూసి గిటార్ కొనకు. సౌండ్ ముందుగా తేలేది పికప్ ఏ చోట ఉందన్న దాన్ని బట్టి. నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే మెడ) వైపు తీగ వెడల్పుగా ఊగుతుంది, అక్కడి పికప్‌కి గుండ్రంగా, నిండుగా వినపడుతుంది. బ్రిడ్జ్ (కింది చివర తీగలు బిగించే ముక్క) దగ్గర తీగ ఊపు తక్కువ, అక్కడ శబ్దం సన్నగా, గట్టిగా, ఒక్కో స్వరం విడివిడిగా వస్తుంది. ఆ తర్వాత ఏ నాబ్ తిప్పినా పికప్ విన్నదాన్ని మార్చగలమే గానీ, అది విననిది తెచ్చి పెట్టలేం.

లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రిసిషన్ బేస్‌కి ఒకటే పికప్. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి లావు తీగలు రెండింటి కింద, ఇంకోటి సన్న తీగల కింద పెట్టారు. ఆ రెండు ముక్కలూ ఎదురెదురు చుట్లు కాబట్టి హమ్ ఉండదు. 1960లో జాజ్ బేస్ వచ్చింది, రెండు పికప్‌లతో, సన్నటి నెక్‌తో. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు జేమ్స్ జేమర్సన్ వాయించింది ప్రిసిషన్ మీద, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలతో. జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు (నెక్ మీది మెట్లు) తీసేసిన జాజ్ బేస్ మీద, ఎక్కువగా బ్రిడ్జ్ పికప్‌తో వాయించేవాడు. ఇద్దరి రికార్డింగులూ మంచి హెడ్‌ఫోన్స్‌లో పక్కపక్కన పెట్టి విను, రెండు పికప్‌ల తేడా ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

నీకు ఈ రెండూ కావాలి. అందుకే పీజే అనే అమరిక ఉన్నది తీసుకోమంటాను: మధ్యలో ప్రిసిషన్ పికప్ (పీ), బ్రిడ్జ్ దగ్గర జాజ్ పికప్ (జే), రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. మెలొడీలకి, ఆరాధన పాటలకి పీ పికప్ ఒక్కటే చాలు, హమ్ బెడద కూడా ఉండదు. మాస్ పాటల్లో డ్రమ్స్, ప్యాడ్స్ మధ్య నీ వేళ్లు వినపడాలంటే జే పికప్ కలుపుకో. యమహా టీఆర్‌బీఎక్స్ 174, స్క్వయర్ అఫినిటీ పీజే, ఐబనీజ్ జీఎస్‌ఆర్ 200 ఈ అమరికలో వస్తాయి. మూడోదానికి బేస్ పెంచే ఒక నాబ్ అదనంగా ఉంటుంది, దానికి బ్యాటరీ కావాలి. ఒక్క మాట గుర్తుంచుకో, పీజేలో రెండూ పూర్తిగా తెరిచినా జే పికప్ హమ్ పోదు. పీ పికప్ తన హమ్ తానే కొట్టేసుకుంటుంది, పక్కదాని హమ్ కొట్టడానికి దాని దగ్గర ఏమీ మిగలదు.

అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా. పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. మరి ఆ రెండు వాల్యూమ్‌లు, టోన్ ఎలా తిప్పాలో కాస్త వివరంగా చెప్పండి. షాపులో తిప్పి చూస్తే సగం దాకా ఏమీ మారినట్టు అనిపించలేదు, తర్వాత ఒక్కసారిగా మారిపోయింది.

సమాధానం (విజయవాడ నుంచి)

సున్నా నుంచి పైకి తిప్పితే అలాగే ఉంటుంది. పూర్తిగా తెరిచిన చోటి నుంచి వెనక్కి రావాలి. రెండూ పదిలో పెట్టి ఒక స్వరం పట్టుకుని మోగిస్తూ ఉండు. ఇప్పుడు జే వాల్యూమ్‌ని పది నుంచి ఎనిమిదికి, చాలా నెమ్మదిగా తగ్గించు. రెండూ సమానంగా ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడో బోలుగా అనిపించేది మెల్లగా నిండుతుంది, పీ పికప్ గొంతు ముందుకొస్తుంది. ఆ రెండు గీతల మధ్యలోనే పనికొచ్చే సౌండ్లు నాలుగైదు దొరుకుతాయి. కింద ఐదు నుంచి సున్నా దాకా పెద్దగా ఏమీ ఉండదు. అలాగే జే పదిలో ఉంచి పీ ఎనిమిదిన్నరకు తగ్గిస్తే పలుకు పదునెక్కుతుంది. వేగంగా వాయించే చోట్ల నేను దీన్నే వాడతాను.

టోన్ నాబ్ బేస్‌ని పెంచదు. అది పై శబ్దాన్ని మాత్రం కోస్తుంది. లోపల ఒక కెపాసిటర్, సాధారణంగా 0.047 మైక్రోఫ్యారడ్, ట్రెబుల్‌ని ఎర్త్‌కి దింపేస్తుంది, అంతే. పూర్తిగా మూసి, నెక్ చివర దగ్గర బొటనవేలితో మీటి, కుడి అరచేతి అంచు బ్రిడ్జ్ దగ్గర తీగల మీద తేలిగ్గా ఆనించి చూడు. పాత పాటల్లో వినిపించే ఆ పొట్టి, మెత్తటి బేస్ వచ్చేస్తుంది. చెయ్యి ఎక్కడ మీటుతుందో అదీ ఒక కంట్రోలే. బ్రిడ్జ్ వైపు నాలుగు వేళ్ల దూరం జరిగితే ఏ నాబ్ ఇవ్వనంత తేడా వస్తుంది.

షాపులో ఒక వాల్యూమ్ పూర్తిగా సున్నా చేసి చూడు. రెండోది మామూలుగా మోగుతూనే ఉండాలి. మొత్తం ఆగిపోతే వైరింగ్ వేరే రకంగా ఉన్నట్టు, కలుపుకోవడం కష్టమవుతుంది.

ఇంకో సభ్యులు (హైదరాబాద్ నుంచి)

విజయవాడ అన్నగారు చెప్పినది ఒప్పుకుంటూనే యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) తరఫున రెండు మాటలు. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్ లోపలే ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) పెట్టుకుని వచ్చింది. ఇలాంటివాటితో స్టేజీ మీద నిలబడే చోటనే బేస్, ట్రెబుల్ మార్చుకునే వీలు దొరుకుతుంది. రిసెప్షన్ హాల్లో మన మాట వినే సౌండ్ మనిషి ఉండడు. నాకు మిడ్ (మధ్య శబ్దాల) నాబ్ చాలాసార్లు పని చేసింది. యాక్టివ్ కొనేట్టయితే పాసివ్‌కి (బ్యాటరీ లేకుండా నడిచేట్టు) మార్చే స్విచ్ ఉన్నదే తీసుకోండి. 9 వోల్టుల బ్యాటరీ అయిపోయేటప్పుడు సౌండ్ గరగరలాడి సన్నగిల్లుతుంది. అప్పుడు స్విచ్ వేస్తే పాట మధ్యలో ఆగదు. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించడం అవగానే జాక్ పీకేయాలి.

చాలా యాక్టివ్ గిటార్లకు రెండు వాల్యూమ్‌ల బదులు ఒక బ్లెండ్ నాబ్ ఉంటుంది. మధ్యలో టక్కుమని ఆగుతుంది, అక్కడ రెండు పికప్‌లూ సమానం. ఈక్యూ నాబ్‌లకు (బేస్, మిడ్, ట్రెబుల్) కూడా మధ్యే సున్నా. అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. హాల్లో వినపడకపోతే చాలామంది బేస్ పెంచుతారు, దాంతో సబ్‌వూఫర్లు బురబురలాడడం తప్ప ఏమీ జరగదు. కొంచెం మిడ్ పెంచితే స్వరం తెలుస్తుంది. లావు తీగ ‘ఈ’ (E) స్వరం అసలు పౌనఃపున్యం 41 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు దాన్ని పలకవు, దాని పైన వచ్చే 82, 123 లాంటివాటి మీదే మన చెవి ఆ స్వరాన్ని పోల్చుకుంటుంది.

మరో సభ్యులు (చర్చి సౌండ్ చూసేవారు, నెల్లూరు)

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. చాలా చర్చిల్లో బేస్ గిటార్‌ని పొడవాటి కేబుల్‌తో నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. పాసివ్ పికప్‌కి ఎదురుగా సుమారు 1 మెగాఓమ్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉండాలి, మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పది, ఇరవై కిలోఓమ్‌లే ఉంటుంది. దాంతో ట్రెబుల్ అంతా చచ్చిపోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. గిటార్ మంచిది కాదని అమ్మేసినవాళ్లు కూడా నాకు తెలుసు. బ్రదర్, మీ ముప్పై వేలల్లో ఒక యాక్టివ్ డీఐ బాక్స్‌కి (గిటార్‌నీ మిక్సర్‌నీ సరిగ్గా కలిపే చిన్న పెట్టె) డబ్బు పక్కన పెట్టుకోండి. మిక్సర్ మీద హై జెడ్ (Hi-Z, ఎక్కువ ఇంపిడెన్స్) అని రాసున్న బటన్ ఉంటే అది నొక్కినా సరిపోతుంది.

అడిగినవారు

ఇది మా చర్చిలో కచ్చితంగా జరుగుతున్నదే! డీఐ బాక్స్ తీసుకుంటాను బ్రదర్. చివరగా ఒకటి, ఐదు తీగలది అవసరమా? మా కీబోర్డ్ అన్న పాడేవాళ్లను బట్టి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తాడు. నేను మాత్రం మెట్లు మార్చుకోవాల్సి వస్తోంది.

సమాధానం (విజయవాడ నుంచి)

ఒకటిన్నర శ్రుతిలో పాట పడితే నాలుగు తీగల మీద నీకు దొరికే అడుగు సి షార్ప్, ‘ఏ’ (A) తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉంటుంది. ఐదు తీగలదైతే దానికంటే ఒక స్థాయి కింద, బి తీగ రెండో ఫ్రెట్‌లో దొరుకుతుంది. కొత్త సినిమా పాటల్లో ఆ లోతు కావాల్సిందే. కానీ ఈ ధరలో ఐదో తీగ చాలాసార్లు వదులుగా, బద్ధకంగా మోగుతుంది. పైగా నువ్వు ఇప్పుడే బేస్‌కి వస్తున్నావు, వాయించని తీగల్ని మోగకుండా ఆపడమే ముందు నేర్చుకోవాలి. నాలుగు తీగలది తీసుకో. డి శ్రుతి పాటలు ఎక్కువైతే లావు తీగ ఒక్కటి ‘ఈ’ (E) నుంచి ‘డి’ (D)కి దించుకో.

కొనే రోజు ఆంప్‌లో పెట్టకముందే ఒడిలో పెట్టుకుని వాయించు. సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం మోగించి వదిలెయ్. ఈ తరహా నెక్‌లలో అక్కడ ఏదో ఒకటి మిగతావాటికంటే త్వరగా ఆరిపోతుంటుంది. కొంచెమైతే పరవాలేదు, టక్కున ఆగిపోతే ఇంకో ముక్క అడుగు, అదే మోడల్ అయినా సరే. బెల్టు వేసుకుని నిలబడి చెయ్యి వదులు, గిటార్ తల కిందికి వాలిపోతే రెండు గంటల ఆర్కెస్ట్రా తర్వాత ఎడమ భుజం పట్టేస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల మధ్య ఉండేట్టు సెటప్ చేయించి ఇవ్వమని అక్కడే అడుగు.

ఇంటికొచ్చాక రెండు పికప్‌ల మధ్య సౌండ్ తేడా మరీ ఎక్కువ అనిపిస్తే స్క్రూడ్రైవర్ తీసి జే పికప్‌ని కొంచెం పైకి ఎత్తు. చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే లావు తీగకీ పికప్‌కీ మధ్య సుమారు మూడు మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండున్నర ఉంటే చాలు. మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగని లాగి శ్రుతి వణుకుతుంది. కాకినాడ ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో కింద వైపు కూడా తుడువు. ఏది కొన్నావో వచ్చి చెప్పు, సెటప్‌లో ఏమైనా తేడా ఉంటే ఫోటో పెట్టు, చూసి చెప్తాను.