చెన్నై 2015, విజయవాడ 2024: వరద సాయంలో తేడా ఎక్కడ?

వేళచ్చేరి వాసి:
2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది పొంగినప్పుడు జాలర్ల పడవలే చాలామందిని ఒడ్డున పడేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువుల మేడ మీదికి డ్రోన్లు ఆహార పొట్లాలు తెచ్చాయి. ఈ తొమ్మిదేళ్లలో ప్రభుత్వాలు నిజంగా మెరుగుపడ్డాయంటారా?

కోడంబాక్కం నుంచి:
డ్రోన్లు చూడటానికి బాగుంటాయి గానీ, అసలు తేడా హెచ్చరికలో వెతకాలండీ. 2015లో చెంబరంబాక్కం జలాశయం నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలినప్పుడు దిగువనున్న వారికి సర్దుకునే వ్యవధి దక్కలేదు. అది మానవ తప్పిదమేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక సైతం తేల్చింది. బుడమేరు గండ్లు పడినప్పుడూ చాలామంది నీళ్లు గుమ్మం దాటాకే మేలుకున్నారు.

అంబత్తూరు పంతులు:
పరిహారం మాటకొస్తే విజయవాడే నయం. అక్కడ నేల అంతస్తు మునిగిన కుటుంబానికి 25,000, పై అంతస్తు వారికి 10,000 రూపాయలని నష్టాన్ని బట్టి విడదీశారు. 2023లో మిచౌంగ్ తుపాను తర్వాత ఇక్కడ చెన్నైలో రేషను దుకాణంలో టోకెను చూపినవారికి, ఇల్లు మునిగినా మునగకున్నా, ఒకే 6,000 ఇచ్చారు. నగదు చేతికే ఇవ్వడం మాత్రం మెచ్చుకోదగ్గదే.

వేళచ్చేరి వాసి:
నిజమే పంతులు గారూ. అయితే 2015లో దాతలు తెచ్చిన సరుకులపై అమ్మ (అప్పటి ముఖ్యమంత్రి జయలలిత) స్టిక్కర్లు అంటించారన్న రగడ కూడా లెక్కలోకి రావాలి కదా. ముక్కూమొహం తెలియని వారికి ఇల్లు తెరుస్తామంటూ జనం ట్విట్టర్‌లో చిరునామాలు పెట్టిందీ ఆ రోజుల్లోనే.