“అరిగా బంచమ మేవగించి”: ఆ ‘గా’ గాంధారమా?

గిటారు విద్యార్థి: ఓపెన్ సి సెవెన్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుని తీగ తీగా విడిగా మీటి చూశాను. అయిదో తీగ మీద స, ఆపైన వరసగా గ, ని, స, గ. పంచమం ఎక్కడా లేదు! నాలుగు స్వరాల కార్డులో మూడే పలుకుతున్నాయి. అప్పట్నుంచి “పంచమ మేవగించి” అన్న ముక్క నోట్లో ఆడుతోంది. రామరాజభూషణుడి వసుచరిత్రేనా? పాదం ఎవరికైనా వచ్చా?

వీణ టీచర్: “అరిగా బంచమ మేవగించి నవలా లవ్వేళ హిందోళ వైఖరిఁ బూనన్”. అ-రి అంటే రి లేదు, పంచమం వద్దు, రాగం హిందోళం. లక్షణమంతా అందులోనే ఉంది. కానీ బాబూ, మీ సి సెవెన్‌లోది అంతర గాంధారం (పై గ), హిందోళానిది సాధారణ గాంధారం (కింది గ). సి మైనర్ సెవెన్‌లో ప వదిలి వాయించండి. కొరత తెలీదు, స మీటితే ఆ తీగలోనే ప సన్నగా మోగుతుంది.

వ్యాకరణం మాస్టారు: అమ్మా, మొదటి అర్థం ‘శత్రువుగా’. పంచమం కోయిలది, నవలాలకు, అంటే ఆడవాళ్లకు, దానిమీద పగ. ‘రి లేకుండా’ అన్నది శ్లేష.

పద్యాభిమాని: మరి ‘గా’ సంగతో? రి పోయింది, గా నిలిచింది అని కవి చెవిలో ఊదుతున్నాడని నా నమ్మకం.

వ్యాకరణం మాస్టారు: కుదరదు నాయనా. పంచమం ‘బంచమం’ అయిందంటే ముందు ద్రుతం, అంటే చివర నకారం, ఉన్నట్టే: అరిగాన్. స్వరం పేరుకు ద్రుతం ఎక్కడిది?

పద్యాభిమాని: శ్లేషలో చెవికి వినబడితే చాలదా మాస్టారూ? రామరాజభూషణుడు సంగీతం తెలిసిన కవి. ‘రిగా’ అని పక్కపక్కన పెట్టి, వెంటనే ‘పంచమం’ అన్నవాడికి గాంధారం తట్టలేదంటే నేనొప్పుకోను.

వ్యాకరణం మాస్టారు: తట్టే ఉంటుంది. అన్వయంలో మాత్రం దానికి చోటు లేదు.

గిటారు విద్యార్థి: టీచర్‌గారూ, మీరన్నట్టు చూశాను. స నుంచి కడితే ప లోటే. అదే మధ్యమం నుంచి కడితే మ, ద, స, గ: ఎఫ్ మైనర్ సెవెన్ పూర్తిగా వచ్చేస్తోంది! నాలుగూ హిందోళంలోవే.

వీణ టీచర్: భలే పట్టారు. ఇప్పుడు ధైవతం నుంచి మేజర్ సెవెన్ కట్టబోయి చూడండి. ద, స, గ దాకా వస్తారు. నాలుగోది పంచమమే. అక్కడ రాగం ఒప్పుకోదు.