హాల్లో హోమ్ థియేటర్: 80 వాట్స్ రిసీవరా, 150 వాట్స్ రిసీవరా?

కొండాపూర్_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. హాల్ 18 అడుగులు బై 11. ఒకవైపు బాల్కనీ గాజు తలుపు, ఇంకోవైపు వంటగది తలుపు లేకుండా హాల్లోకే కలిసి ఉంటుంది. కింద అంతా టైల్స్. సోఫాకీ టీవీకీ మధ్య 9 అడుగులు. మా బావగారు ఇచ్చిన పాత 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, బేస్‌కు ఒక సబ్‌ఊఫర్) ఉన్నాయి, వెనక 88 డెసిబెల్స్, 8 ఓమ్స్ అని రాసి ఉంది. సబ్‌ఊఫర్‌కు కరెంటు ప్లగ్ వేరే. వీటిని నడిపే రిసీవర్ మాత్రం పోయింది, కొత్తది కొనాలి.

షాపులో రెండు చూపించారు. ఒకదాని మీద ఛానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 80 వాట్స్, ఇంకోదాని మీద 150. ధరలో పెద్ద తేడా లేదు. "రెట్టింపు పవర్ సార్, ఆలోచించకండి" అంటున్నాడు షాపతను.

ఇంకో సంగతి. మా అమ్మ తొమ్మిదిన్నరకల్లా పడుకుంటుంది. ఆవిడ గది హాల్ గోడకు ఆనుకునే ఉంది. మేం సినిమా పెట్టేదే పిల్లలు పడుకున్నాక. మాటలు వినబడేలా పెంచితే ఫైట్ రాగానే రిమోట్ వెతుక్కోవాలి. ఏది తీసుకోమంటారు?

బెజవాడ_బేస్
150. ఇందులో చర్చకేముంది బ్రో? పవర్ ఉన్న రిసీవర్ తక్కువ సౌండ్‌లో కూడా తేలిగ్గా పాడుతుంది. చిన్నది రొప్పుతుంది.

వోల్టేజ్_మామ
కొండాపూర్ గారూ, డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. 150 అన్న అంకె కింద చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. చాలామట్టుకు ఇలా ఉంటుంది: 6 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు), 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (సౌండ్ చెడటం), ఒక ఛానల్ మాత్రమే నడిపినప్పుడు. అంటే మిగతా ఛానళ్ల నోరు మూయించి, ఒక్కదానితో ఒకే స్వరం పాడించి, అది బొంగురుపోయాక రాసుకున్న లెక్క.

80 అన్నదాని కింద చూడండి. 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.08 శాతం లాంటి డిస్టార్షన్, రెండు ఛానళ్లు నడిపినప్పుడు అని ఉంటే అది నిజాయితీగా కొలిచింది. ఈ రెండు అంకెలూ ఒకే యంత్రానివి కూడా కావచ్చు. రిసీవర్లు చేసే డెనాన్ కంపెనీ వాళ్ల వివరాల పట్టికలో ఒకే మోడల్‌కు రెండు రకాల అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. షాపతను ఏది చదివి వినిపిస్తాడన్నదే ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. మొన్న మా అబ్బాయి కొన్న రిసీవర్ తిప్పి చూశా. డబ్బా మీద ఏడు ఛానళ్లు, ఒక్కోదానికి 150. అంటే వెయ్యికి పైన. వెనక ప్లేట్ మీద కరెంటు వాడకం 430 వాట్స్. వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను.

బెజవాడ_బేస్
మామగారూ, ఆ ప్లేట్ లెక్క మీరు తప్పుగా చెబుతున్నారు. అది గరిష్ఠ వాడకం కాదు. సేఫ్టీ పరీక్షలో పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు ఇస్తూ కొలిచే అంకె. గట్టిగా పాడించినప్పుడు అంతకు మించి లాగుతుంది.

ఇక సినిమా సంగతి. థియేటర్ రిఫరెన్స్ స్థాయి అంటే ఒక్కో ఛానల్ నుంచి కుర్చీ దగ్గర 105 డెసిబెల్స్ దాకా పీక్ రావాలి. 88 సెన్సిటివిటీ స్పీకర్‌తో, 9 అడుగుల దూరంలో అది రావాలంటే ఎన్ని వాట్స్ కావాలో మీరే కట్టండి.

వోల్టేజ్_మామ
ప్లేట్ విషయంలో మీరు చెప్పిందే కరెక్ట్, ఒప్పుకుంటున్నా. మా అబ్బాయికీ చెప్పాలి పాపం.

లెక్క కడదాం. 88 అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్. 9 అడుగులకు వచ్చేసరికి ఆరుబయట అయితే ఓ తొమ్మిది తగ్గుతుంది. గదిలో గోడలు వెనక్కి కొడతాయి కాబట్టి ఏడు తగ్గిందనుకుందాం. అంటే ఒక్క వాట్‌కు సోఫాలో 81. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్స్ రెట్టింపు కావాలి, పది పెరగాలంటే పది రెట్లు. మీ 105 రావాలంటే 24 పెరగాలి, అంటే 250 వాట్స్. కాబట్టి మీరు కొనమంటున్న 150 కూడా చాలదు! 80కీ 150కీ మధ్య తేడా మూడు డెసిబెల్స్ లోపు. వాల్యూమ్ నాబ్‌ను కాస్త తిప్పినంత. షాపతను అన్న రెట్టింపు వాట్స్‌లోనే ఉంది, చెవిలో లేదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి.

అసలు గోడ అవతల తల్లిని పడుకోబెట్టి 105 డెసిబెల్స్ పెట్టే కొడుకు ఎవడండీ?

రెండే_చాలు
మీరంతా తప్పు ప్రశ్న దగ్గర కొట్టుకుంటున్నారు. 11 అడుగుల వెడల్పు గదిలో వెనక స్పీకర్లు చెవి పక్కనే మోగుతాయి. ఆ డబ్బుతో మంచి స్టీరియో యాంప్, రెండు మంచి స్పీకర్లు కొనుక్కోండి. రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి పాత పాటలు వినండి, గాయకుడు రెండు స్పీకర్ల మధ్య నిలబడి పాడతాడు. సెంటర్ స్పీకర్ ఎందుకు మరి?

సరౌండ్_సుజాత
మీ సోఫాలో మధ్యలో మీరొక్కరే కూర్చుంటే నిజమే అండీ. మా ఇంట్లో నలుగురం. ఈ చివర కూర్చున్నవాళ్లకు మీ గాయకుడు ఆ స్పీకర్ మీదకే వెళ్లిపోతాడు. టీవీ మధ్యలో ఉన్న మనిషి మాట మధ్యలోంచే అందరికీ రావాలంటే సెంటర్ స్పీకర్ కావాలి. పాటలకు మీ మాట, సినిమాకు నా మాట.

గచ్చిబౌలి_గాడ్జెట్
సౌండ్‌బార్ కొనేసి పడుకోండి గురూ.

బెజవాడ_బేస్
స్పీకర్లు ఊరికే వచ్చినవాడికి సౌండ్‌బార్ ఎందుకయ్యా.

డాలస్_డెసిబెల్
చర్చ మధ్యలో ఒక హెచ్చరిక. ఎవరైనా చుట్టాలు "అమెరికాలో డీల్ ఉంది, తెచ్చిస్తా" అంటే ఆగండి. ఇక్కడ అమ్మే రిసీవర్లు 120 వోల్ట్స్‌వి. మా అన్నయ్యకు ఒకటి సూట్‌కేస్‌లో బట్టల మధ్య చుట్టి తెచ్చాను, తొమ్మిది కిలోలు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేదాకా ప్లగ్ పెట్టొద్దని డబ్బా మీద స్కెచ్ పెన్‌తో రాశాను కూడా. వదిన ఊడుస్తూ డబ్బా పక్కకు జరిపింది, ఆ రాత వెనక్కి పోయింది, అన్నయ్య నేరుగా 230లో పెట్టాడు. టప్ మని ఒక్క చప్పుడు. అదే ఆ రిసీవర్‌లోంచి వచ్చిన మొదటి సౌండు, చివరి సౌండు కూడా. వారంటీ కూడా ఇండియాలో చెల్లదు.

వాట్స్ గొడవ ఇక్కడా పాతదే. యాంప్ పవర్ ఎలా కొలిచి ప్రకటించాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే రూల్ పెట్టింది. 2024లో కొలిచే పద్ధతి అందరికీ ఒకేలా ఉండాలని దాన్ని సవరించింది. యాభై ఏళ్లయినా డబ్బా మీద అంకెల సరదా తీరలేదు.

సరౌండ్_సుజాత
తమ్ముడూ కొండాపూర్, నువ్వు అడిగింది మాటలు వినబడటం లేదని. మావాళ్లు చెబుతున్నది వాట్స్. విశాఖలో మాది నీలాంటి హాలే కాబట్టి నాకు తెలిసింది చెబుతా.

వాల్యూమ్ తగ్గించగానే మన చెవికి ముందు బేస్ మాయమవుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపిన సంగతి ఇది. అందుకే రాత్రి చిన్నగా పెడితే సినిమా పలచగా అనిపిస్తుంది, నువ్వు పెంచుతావు, అమ్మ లేస్తుంది. దీన్ని సరిచేసే ఫీచర్ డెనాన్‌లో ఆడిసీ అనే సాఫ్ట్‌వేర్‌లోని డైనమిక్ ఈక్యూ, యమహాలో వైపావో వాల్యూమ్. గుసగుసను పైకి లేపి బాంబును కిందికి నొక్కేది ఇంకొకటి, ఆడిసీలో డైనమిక్ వాల్యూమ్ అంటారు. నీ ఇంట్లో రాత్రి పదింటికి పనికొచ్చేవి ఈ రెండే. ఒక్క చిక్కు, డైనమిక్ ఈక్యూ వెనక స్పీకర్లను కూడా పెంచుతుంది. టీవీ చూసేటప్పుడు రిఫరెన్స్ ఆఫ్‌సెట్ అనే సెట్టింగ్‌ను 10 గానీ 15 గానీ పెట్టుకుంటే నెమ్మదిస్తుంది.

రిసీవర్ ఎంచుకునేటప్పుడు మైక్‌తో గదిని కొలిచి సౌండ్ సవరించుకోవడానికి ఏ పద్ధతి వాడుతుందో చూడు. డెనాన్ ఎక్స్1800లో ఆడిసీ ఎక్స్‌టీ, ఎక్స్3800లో ఎక్స్‌టీ 32. రెండోది బేస్‌ను బాగా సవరిస్తుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. నీ 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్ దగ్గర బేస్ హోరెత్తుతుంది. గోడకూ గోడకూ మధ్య ఆ అలలో సగం సరిగ్గా పడుతుంది మరి. ఏ 150 వాట్స్ డబ్బా దాన్ని ఆపలేదు. టైల్స్ మీద ఒక మందపాటి తివాచీ, ఆ గాజు తలుపుకు బరువైన కర్టెన్ వేస్తే మాటల్లో మోత కూడా తగ్గుతుంది.

ఇంకోటి. టీవీ ఆడియో సెట్టింగ్‌లో డిజిటల్ అవుట్ పీసీఎం అని ఉందా? ఉంటే చాలా టీవీలు రిసీవర్‌కు రెండు ఛానళ్లే పంపిస్తాయి. పాస్ త్రూ చెయ్, అప్పుడు వచ్చిన సౌండ్‌ను టీవీ మార్చకుండా పంపిస్తుంది. రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే లోపలికి ఏం వస్తుందో కనబడుతుంది. ఓటీటీలో ఇంగ్లీషు ట్రాక్ అట్మాస్‌లో (పైనుంచి కూడా వినిపించే సరౌండ్) ఉండి, తెలుగు డబ్బింగ్ 5.1లోనో స్టీరియోలోనో ఉండటం మామూలే, అది కూడా అక్కడే తెలిసిపోతుంది.

బెజవాడ_బేస్
సుజాత గారు చెప్పినవన్నీ సరే. కానీ స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసినా కొన్ని ఫ్రీక్వెన్సీల్లో 4కి దిగుతుంది. అప్పుడు కరెంట్ ఇవ్వగలిగే యాంప్ కావాలి. నా పాయింట్ అది.

వోల్టేజ్_మామ
పాయింట్ మంచిదే. కానీ అది 6 ఓమ్స్, 10 శాతం డిస్టార్షన్ అంకెలో కనబడదు నాయనా. 4 ఓమ్స్ స్పీకర్లు పెట్టుకోవచ్చో లేదో మాన్యువల్ చూడాలి, ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూడాలి.

కొండాపూర్_కొత్తిల్లు
ఆలస్యానికి సారీ. మా ఆఫీసులో ఒకతను తన పాత 80 వాట్స్ రిసీవర్ వారం రోజులకు ఇచ్చాడు. ఆదివారం బిగించాను.

మొదటిసారి మైక్ పెట్టి కొలిస్తే సెంటర్ స్పీకర్ 23 అడుగుల దూరంలో ఉందని చెప్పింది. ఉన్నది తొమ్మిది. ఎందుకా అని చూస్తే, స్పీకర్లు టిక్ టిక్‌మంటుండగా వంటగదిలో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది, పైన ఫ్యాన్ నాలుగులో తిరుగుతోంది. మైక్‌ను సోఫా దిండు మీద ఆనించాను, అదీ తప్పేనట. స్టవ్ కట్టేసి, ఫ్యాన్ ఆపి, మైక్‌ను పిల్లల ఫొటో స్టాండ్‌కు చెవి ఎత్తులో బిగించి మళ్లీ చేశా. ఈసారి 9.2 అడుగులు. సబ్‌ఊఫర్ మాత్రం 14 అంటోంది, ఉన్నది 7.

ఇన్ఫో నొక్కితే సుజాత అక్క చెప్పినట్టే పీసీఎం 2.0, అంటే రెండు ఛానళ్లే. మార్చాను. సెంటర్ రెండు డెసిబెల్స్ పెంచాను, డైనమిక్ వాల్యూమ్ లైట్‌లో పెట్టాను. రాత్రి వాల్యూమ్ మైనస్ 32లో చూశాం, రిమోట్ ముట్టుకోలేదు. పగలు మైనస్ 18. అమ్మ పొద్దున లేచి "నిన్న రాత్రి టీవీ పెట్టలేదా" అంది.

సరౌండ్_సుజాత
సబ్‌ఊఫర్ 14 అంటే కంగారు పడకు, దాని లోపలి సర్క్యూట్ ఆలస్యాన్ని కూడా కలిపి చెబుతుంది. టేపు పెట్టి కొలిచి 7 చేయకు, పాడవుతుంది. ముందువైపు స్పీకర్లను రిసీవర్ లార్జ్ (బేస్ అంతా పాడగలవి) అని పెట్టిందేమో చూడు. పెడితే స్మాల్ చేసి క్రాసోవర్ (బేస్ సబ్‌కు మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టు. కింది బేస్ సబ్‌కు పోతుంది, దానికి సొంత యాంప్ ఉందిగా.

వోల్టేజ్_మామ
కొండాపూర్ గారూ, మీ అంకెలు చూశాక ఆగలేకపోయా. కొలిచిన తర్వాత వాల్యూమ్ 0 అంటే రిఫరెన్స్, పీక్ 105. మైనస్ 18 అంటే మీ సోఫాలో పీక్ 87. మన లెక్కలో ఒక వాట్‌కు 81 కాబట్టి దానికి నాలుగు వాట్స్. రాత్రి మైనస్ 32లో పీక్ 73, అంటే వాట్‌లో ఆరో వంతు. మీరు పెంచిన ఆ రెండు డెసిబెల్స్ కలిపినా పావు వాట్.

బెజవాడ_బేస్
సంక్రాంతికి బావమరుదులందరూ దిగితే మైనస్ 8 పెడతాడు, అప్పుడో?

వోల్టేజ్_మామ
97. నలభై వాట్స్. ఇంకా సగం మిగిలే ఉంది.

బెజవాడ_బేస్
సరే, ఆయనకు 80 చాలు. నాది 86 స్పీకర్, 16 అడుగుల దూరం, కింద ఫ్లోర్ ఖాళీ. నేను నాది మార్చను.

కొండాపూర్_కొత్తిల్లు
80దే బుక్ చేశా. డబ్బా మీద కాదు, చిన్న అక్షరాల్లో చదివి మరీ. టీవీ యూనిట్‌లో మూసి ఉన్న అరలో పెట్టొద్దని మా ఆవిడను ఒప్పించాను. పైన వినాయకుణ్ని పెట్టొద్దని ఒప్పించడానికి ఇంకో రోజు పట్టింది, వేడి పైకి పోవాలి కదా.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. కుడి సరౌండ్‌కు వైరు బాల్కనీ తలుపు దాటాలి. పైనుంచి తిప్పితే 32 అడుగులు, గుమ్మం పట్టీ కింద నుంచి అయితే 20. ఏ గేజ్ (వైరు మందం) తీసుకోను?

వోల్టేజ్_మామ
16 గేజ్, పైనుంచి. ఆ తలుపు ట్రాక్‌లో మూడో నెలకే వైరు నలుగుతుంది.