ప్రీమెడ్ వదిలేస్తానంటున్న అమ్మాయిని ఆపడం సబబేనా?

ఆస్టిన్ తల్లి:
మా పెద్దమ్మాయి ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బయాలజీ మేజర్‌తో రెండో ఏడాది చదువుతోంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి భాగంలో బి గ్రేడు వచ్చింది, మిగతావన్నీ ఏ గ్రేడులే. సెలవులకు ఇంటికి వచ్చి, తాను మెడిసిన్‌కు వెళ్లనని, స్టాటిస్టిక్స్‌కు మారతానని చెప్పింది. ‘ఎంక్యాట్ (వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష) ఒక్కసారి రాసి చూడు, స్కోరు రాకపోతే అప్పుడు నీ ఇష్టం’ అని మావారు పట్టుబడుతున్నారు. ఒకప్పుడు మెడిసిన్ సీటు చేజారి ఎమ్మెస్సీతో సరిపెట్టుకున్న మనిషి కాబట్టి ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఈ పట్టుదల సబబేనా?

ప్లేనో తండ్రి:
సబబేనని నా అభిప్రాయం. టెక్సస్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కనీసం 90 శాతం సీట్లు ఈ రాష్ట్రవాసులకే దక్కుతాయి, ఫీజులు కూడా చాలా రాష్ట్రాలకంటే తక్కువ. బయటి రాష్ట్రాలవారు అసూయపడే ఇంతటి అవకాశాన్ని పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక్క బి చూసి వదులుకుంటానంటే, కాస్త ఆగమనడం దౌర్జన్యమెలా అవుతుంది? ఆర్గానిక్‌లో బి తెచ్చుకుని డాక్టర్లయినవారు కోకొల్లలు. లేఆఫ్‌ల భయంతో ఇన్నేళ్లు ఉద్యోగాలు చేసిన మనకు, పిల్లలకైనా ఆ భయం లేని వృత్తి కావాలనిపించడంలో తప్పేముంది?

ఒహాయో డాక్టర్:
ఆంధ్రలో ఎంబీబీఎస్, ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్‌లో రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, పూర్తి చేసినవాణ్ణి. బి గురించి ప్లేనో మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకంతో రోగి మంచం దగ్గర నాకు ఒక్కనాడూ పని పడలేదు. కానీ ‘ఒక్కసారి రాసి చూడు’ అన్న మాట చిన్నదేమీ కాదమ్మా. ఆ పరీక్ష విరామాలతో కలిపి దాదాపు ఏడున్నర గంటలు సాగుతుంది, దానికోసం పిల్లలు వేసవి సెలవులు మొత్తం ధారపోస్తారు. తీరా మంచి స్కోరు వస్తే, మీవారి షరతు ప్రకారం, వద్దనే హక్కు అమ్మాయికి ఉండదు. స్కోరు రాకపోతేనే విడుదల అన్నమాట. బుద్ధిగా చదివే పిల్లకు ఇంతకంటే చెడ్డ షరతు నాకు తోచడం లేదు.

పైగా ప్రీమెడ్ అనేది డిగ్రీ కాదు, వైద్య కళాశాలలు అడిగే కొన్ని కోర్సుల జాబితా మాత్రమే. స్టాటిస్టిక్స్ మేజర్‌తోనూ వాటిని పూర్తి చేయవచ్చు. డిగ్రీ అయ్యాక మనసు మార్చుకున్నవారికోసం పోస్ట్‌బాక్ కోర్సులూ ఉన్నాయి. ఇంటర్ కాగానే ఎంసెట్ ర్యాంకుతో తలరాత తేలిపోయిన మన తరం భయాన్ని, అవసరం లేని చోటికి మోసుకొచ్చాం. ఇక్కడ లోపలికి వెళ్లాక బయటపడడమే కష్టం: నాలుగేళ్ల చదువు, ఆపైన మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, వీటన్నిటితో పాటు అప్పు. 2026 జూలై నుంచి కొత్తగా ఫెడరల్ రుణం తీసుకునే వైద్య విద్యార్థులకు ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్ల పరిమితి పెట్టారు కాబట్టి, అది చాలనివారికి సొంత డబ్బో ప్రైవేటు రుణమో తప్పదు. ఇష్టం చచ్చిపోయినా అప్పు తీర్చడానికే కొనసాగుతున్నవారిని నేను చూస్తూనే ఉన్నాను.

ఒక్క ప్రశ్న. మీ అమ్మాయి ఎప్పుడైనా ఆసుపత్రిలో వాలంటీరుగా చేసిందా? ఇంటికి వచ్చాక దేని గురించి మాట్లాడేది?

న్యూజెర్సీ వాసి:
వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రీన్‌కార్డు రాని కుటుంబాల్లో పిల్లలకు 21 ఏళ్లు నిండితే, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్1కు మారినవారిని చాలా వైద్య కళాశాలలు తీసుకోవు, ఫెడరల్ రుణమూ రాదు. మా అబ్బాయికి ఇష్టం ఉండి కూడా దారి మూసుకుపోయింది.

ఆస్టిన్ తల్లి:
మాకు పౌరసత్వం వచ్చింది, ఆ చిక్కు లేదు. డాక్టరుగారూ, మా అమ్మాయి ఒక వేసవిలో ఎమర్జెన్సీ విభాగం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పనిచేసింది. జబ్బుల గురించి చెప్పింది తక్కువ. ఏ గంటకు ఎంతమంది వస్తున్నారో, సోమవారాలు ఎందుకు కిక్కిరిసిపోతున్నాయో కాగితం మీద గీతలు గీసి మరీ చూపించేది. వాళ్ల నాన్నకూ చూపించింది. ‘బాగుంది, ఇంతకీ డాక్టర్లతో మాట్లాడావా?’ అన్నారాయన.

ప్లేనో తండ్రి:
ఈ మాట మొదటే తెలిసి ఉంటే నేను ఆ బి గురించి అంత రాసేవాణ్ణి కాను. అయినా ఆర్గానిక్ రెండో భాగానికి ఇప్పటికే నమోదై ఉంటే, అదొక్కటీ పూర్తి చేయమనడంలో నష్టం లేదనుకుంటాను.

ఒహాయో డాక్టర్:
నష్టం ఉంది. ఆ కోర్సు ఉన్న చోట ప్రాబబిలిటీ తీసుకోకపోతే, దాని మీద ఆధారపడిన స్టాటిస్టిక్స్ కోర్సులన్నీ వెనక్కి జరుగుతాయి. స్ప్రింగ్ కోర్సులు మార్చుకునే గడువు తరగతులు మొదలైన కొద్ది రోజులకే ముగిసిపోతుంది కాబట్టి, ఎంక్యాట్ మాట పక్కన పెట్టి, ముందు ఈ ఒక్క కోర్సు విషయం మీవారితో తేల్చుకోండమ్మా.