జిప్సీ స్టీరింగ్‌లో ఆట: బాక్సు స్క్రూ బిగించాలా, వద్దా?

పాతజిప్సీ: నాది 1999 జిప్సీ కింగ్, పవర్ స్టీరింగ్ లేదు. స్టీరింగ్‌ను నాలుగు వేళ్ల మేర తిప్పినా ముందు చక్రాలు కదలవు. అరవై దాటితే బండి తనకు తోచిన దారిన పోతోంది. మా మెకానిక్ స్టీరింగ్ గేర్ బాక్సు మీది, లోపలి పళ్ల మధ్య సందు తగ్గించే స్క్రూ అర చుట్టు బిగిస్తే చాలంటున్నారు. పక్క షెడ్డాయన బాక్సే మార్చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

కృష్ణాతీరం: స్క్రూ బిగించండి. అది పెట్టిందే అందుకు. మా బండికి ఆరేళ్ల క్రితం పావు చుట్టు బిగించాం, ఇప్పటికీ బాగుంది. పాత బండికి కాస్త ఆట సహజమండీ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది కూడా ఆట 30 డిగ్రీలు మించకూడదనే అంటుంది, అసలు ఉండకూడదని కాదు.

నట్టుబోల్టు: 30 డిగ్రీలంటే ఎంతో కొలిచారా? 38 సెంటీమీటర్ల స్టీరింగ్ అంచు మీద దాదాపు పది సెంటీమీటర్లు! ఎదురుగా లారీ వస్తుంటే ఆ నియమం గుర్తుకొస్తుందా?

బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సులో పళ్లు మధ్యలోనే అరుగుతాయి. అక్కడి ఆట పూర్తిగా పోయేదాకా బిగిస్తే, అరగని పక్కల్లో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

ముందు ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తుంటే మీరు కింద పడుకుని చూడండి. బాక్సులోకి వెళ్లే కడ్డీ తిరుగుతున్నా, బాక్సు నుంచి బయటకు వచ్చి ఊగే చేయి, అంటే పిట్‌మన్ ఆర్మ్, ఆలస్యంగా కదిలితే తప్పు బాక్సుది. ఆర్మ్ కదిలాక, ఆ కదలికను చక్రాల వైపు తీసుకెళ్లే డ్రాగ్ లింక్ కడ్డీ ఆలస్యం చేస్తే రెంటినీ కలిపే బాల్ జాయింటుది. తరవాత జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఊగితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్, అంటే చక్రం పక్కలకు తిరిగే కీలు. కమాన్ పట్టీల బుష్‌లు కూడా ఒకసారి చూడండి.

కృష్ణాతీరం: ఇవన్నీ మార్చుకుంటూ పోతే ఎంతవుతుంది? స్క్రూకు పైసా ఖర్చు లేదు. ముందు అది ప్రయత్నిస్తే తప్పేమిటి?

నట్టుబోల్టు: కిందకు దూరి చూడడానికి మాత్రం ఖర్చేముంది? ముందే బిగిస్తే అసలు ఆట ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

పాతజిప్సీ: ఆదివారం మా అబ్బాయి చేత స్టీరింగ్ ఆడించి కింద పడుకున్నాను. డ్రాగ్ లింక్‌కు బాక్సు వైపున్న బాల్ జాయింటు రబ్బరు తొడుగు చిరిగిపోయింది. లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి. చేత్తో పట్టుకుంటే టక్కుటక్కుమని వేళ్లకు తెలుస్తోంది. అది మార్చి అలైన్‌మెంట్ చేయించాక ఆట ఒకటిన్నర వేళ్లకు దిగింది. ఇప్పుడు ఆర్మ్ ఒక్కటే ఆలస్యంగా కదులుతోంది.

కృష్ణాతీరం: అంటే మిగిలింది బాక్సులోదేగా. ఇప్పుడైనా ఆ స్క్రూ ముట్టుకోనిస్తారా నట్టుబోల్టు గారూ?

నట్టుబోల్టు: ఇప్పుడు సరే. చక్రాలు తిన్నగా పెట్టి, స్క్రూను బిగించి ఉంచే లాక్‌నట్టు వదులు చేసి, చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే. స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి, లేకపోతే రెండూ కలిసి తిరుగుతాయి. తరవాత ముందు చక్రాలు రెండూ లేపి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి. ఎక్కడ పట్టినట్టు అనిపించినా స్క్రూ వెనక్కి తిప్పేయండి.