రెండు పొరల కర్టెన్లకు డబుల్ బ్రాకెట్ గోడలో నిలవడం లేదు. ఏ ప్లగ్గు, ఎంత దూరం?

పడమటి_కిటికీ:

నమస్కారమండి. హైదరాబాద్‌లో ఫ్లాట్, గోడలు ఏఏసీ బ్లాకులవి (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు). రెండు చోట్ల రెండేసి పొరలు కావాలి: లోపల పల్చటి షియర్, దాని ముందు వెలుతురు ఆపే బ్లాకౌట్.

ఒకటి, బెడ్‌రూమ్ పడమటి కిటికీ. వెడల్పు 6 అడుగులు, పై అంచు నేల నుంచి 7 అడుగులు. రెండు పక్కలా 9 అంగుళాల గోడ ఉంది. దీనికి డబుల్ బ్రాకెట్లు (రెండు రాడ్లు మోసేవి) మూడు బిగించారు. చివరివి రెండూ కిటికీ అంచు నుంచి 7 అంగుళాల దూరంలో ఉన్నాయి. వారం తిరక్కుండానే ఎడమది ప్లగ్గుతో (స్క్రూ పట్టుకోవడానికి గోడలో దిగ్గొట్టే ప్లాస్టిక్ గొట్టం) సహా ఊడొచ్చింది, నడిమిది మాత్రం కదల్లేదు.

రెండోది, హాల్లో బాల్కనీ స్లైడింగ్ తలుపు. 9 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. తలుపు పైన అడుగు గోడ, ఆపైన జిప్సమ్ ఫాల్స్ సీలింగ్. పెల్మెట్ (ట్రాక్ కనపడకుండా కప్పే పెట్టె) కోసం ఖాళీ వదల్లేదు. ట్రాక్‌ను సీలింగ్‌కే బిగిద్దామంటున్నారు, ఆగుతుందా? గుడ్డ ఇంకా కొనలేదు.

రసమట్టం:

గుడ్డ కొనకపోవడం మంచిదైందండి. ముందు రాడ్డు బిగియాలి, తర్వాతే టేపు పట్టాలి.

నడిమిది ఎందుకు నిలిచిందో చూస్తే మిగతాది దానంతటదే తెలుస్తుంది. కిటికీ మీద కాంక్రీటు లింటెల్ (పైగోడ బరువు మోసే అడ్డ దూలం) ఉంటుంది, మందం సాధారణంగా 6 అంగుళాలు. కిటికీకి రెండు పక్కలా అది గోడ మీద ఇంకో 6 అంగుళాల దాకా కూర్చుంటుంది. మీ నడిమి బ్రాకెట్ లింటెల్‌లో దిగింది. చివరివి 7 అంగుళాల దూరంలో ఉన్నాయి కాబట్టి లింటెల్ దాటి బ్లాకులోకి వెళ్లాయి. కాంక్రీటుకు వాడిన చిన్న ప్లగ్గునే బ్లాకులోనూ కొట్టి ఉంటారు. పైగా డ్రిల్లును హ్యామర్ (కొడుతూ తిప్పే పద్ధతి) మీద పెట్టి ఉంటే, ఏఏసీ మెత్తన కాబట్టి 8 మి.మీ. రంధ్రం లోపల్లోపలే 10 మి.మీ. అయిపోతుంది. ఇక ప్లగ్గు పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు.

బరువు చూద్దాం. బ్లాకౌట్ గుడ్డ చదరపు మీటరుకు 300 గ్రాములు, షియర్ 80 గ్రాములు అనుకుంటే, రెండు రాడ్లతో కలిపి మీ కిటికీ మీద పడేది 6 కిలోలు. చూడ్డానికి అది పెద్ద బరువు కాదు. గోడను పాడుచేసేది బ్రాకెట్ ముందుకు పొడుచుకొచ్చిన దూరం. ముందు రాడ్డు గోడ నుంచి ఆరున్నర అంగుళాల దూరంలో ఉంటుంది. బ్రాకెట్ ప్లేటు కింది అంచు నుంచి పై స్క్రూకు ఉన్న దూరం రెండు అంగుళాలే. గడ్డపారతో రాయి లేపినట్టే, రాడ్డు మీద 2 కిలోలు పడితే పై స్క్రూను గోడలోంచి లాగే బలం ఆరు కిలోలు దాటుతుంది. పొద్దున్నే కర్టెన్‌ను విసురుగా లాగినప్పుడు ఇంకా ఎన్నో రెట్లు. అందుకే పై స్క్రూ దగ్గరే ముందు పగులు వస్తుంది, కింది స్క్రూ దాని వెనకాల వస్తుంది.

చేయాల్సింది ఇది. చివరి బ్రాకెట్లను లోపలికి జరిపి, కిటికీ అంచు నుంచి మూడున్నర అంగుళాల దగ్గర పెట్టండి. కిటికీ పై అంచు నుంచి 4 అంగుళాల ఎత్తు తీసుకుంటే రంధ్రాలు రెండూ లింటెల్ నడిమిలో పడతాయి. రాడ్డు బ్రాకెట్ దాటి మరో మూడున్నర అంగుళాలు బయటికి ఉండనివ్వండి. ఆ ముక్కలో కర్టెన్ చివరి రింగు ఒకటి ఉంచితే అంచు అక్కడే నిలబడిపోతుంది, పక్క నుంచి ఎండ తొంగిచూడదు.

అయితే లింటెల్ అన్ని చోట్లా 6 అంగుళాలు కూర్చుంటుందన్న నమ్మకం లేదు. 5 మి.మీ. బిట్‌తో, హ్యామర్ లేకుండా, వేలెడు లోతు రంధ్రం చేసి రాలే పొడి చూడండి. మొదటి 12–15 మి.మీ. ప్లాస్టరే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత ముగ్గుపిండిలా తెల్లగా, మెత్తగా రాలితే ఏఏసీ. ఎర్రగా వస్తే ఇటుక. బిట్ ముందుకు దిగక కీచుమంటూ బూడిదరంగు పొడి కాస్త కాస్త వస్తే కాంక్రీటు. ఉన్నట్టుండి బిట్ లోపలికి జారిపోతే బోలు సిమెంటు బ్లాకు. అక్కడ వెనక రెక్కలు విచ్చుకునే టాగుల్ తప్ప మామూలు ప్లగ్గు పనికిరాదు.

ఒక జాగ్రత్త. స్విచ్ బోర్డుకూ ఏసీ పాయింటుకూ నేరుగా పైనా కిందా గోడలో వైరు పైపు ఉంటుంది. ఆ గీత మీద రంధ్రం పెట్టకండి.

కుచ్చిళ్లు:

హాలు తలుపు సంగతి చెప్తాను. ట్రాక్‌ను జిప్సమ్‌కు బిగించొద్దు. బోర్డు మందం పన్నెండున్నర మి.మీ., లోపల కాగితాల మధ్య సుద్దలాంటి జిప్సమ్. టాగుల్ బోల్టులు వేస్తే మొదట్లో ఆగినట్టే ఉంటుంది. కానీ కర్టెన్ రోజుకు నాలుగుసార్లు అటూ ఇటూ లాగే వస్తువు. లాగిన ప్రతిసారీ రంధ్రం కొంచెం కొంచెం నలిగి పొడి రాలుతుంది, ఒకనాడు బోర్డు ముక్కతో సహా కిందికొస్తుంది. సీలింగ్ వేసేటప్పుడే పైన 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని స్లాబ్ నుంచి వేలాడదీసి ఉంటే అది వేరే మాట. లేదా గోడ వెంట 8 అంగుళాల వెడల్పున బోర్డు కోయించి, ట్రాక్‌లను స్లాబ్‌కే బిగించాలి. చూపుకి అదే అన్నిటికన్నా బాగుంటుంది, కానీ పుట్టీ, పెయింటు మళ్లీ మొదటికొస్తాయి.

మీకు తలుపు పైన అడుగు గోడ ఉంది. రెండు ట్రాక్‌లను ఎల్ బ్రాకెట్లతో ఆ గోడకే బిగించండి. 9 అడుగుల వెడల్పుకు రాడ్డు కన్నా ట్రాక్ మేలు. రాడ్డుకు నడిమిన సపోర్టు తప్పదు, ఐలెట్ (గుడ్డ పై అంచు రంధ్రాల్లో బిగించే) రింగు ఆ సపోర్టును దాటి పోలేదు. ట్రాక్‌లో రన్నర్ (గుడ్డను వేలాడదీసే చిన్న ముక్క) లోపలి గాడిలో నడుస్తుంది కాబట్టి ఎన్ని సపోర్టులున్నా అడ్డు రాదు.

పొడవు 9 అడుగులకు రెండు పక్కలా 8 అంగుళాలు కలిపి 10 అడుగుల 4 అంగుళాలు. అతుకు లేని ఒకే ముక్క అడగండి. అతుకు దగ్గర వెంట్రుకంత మెట్టు ఉన్నా రన్నర్ ప్రతిసారీ తట్టుకుంటుంది. మొదటి బ్రాకెట్ చివర నుంచి 4 అంగుళాల దగ్గర, తర్వాత 20 అంగుళాలకొకటి చొప్పున మొత్తం 7. రన్నర్లు 4 అంగుళాలకొకటి లెక్కన ఒక్కో పల్లాకు (కర్టెన్ ముక్కకు) 16. రెండు ట్రాక్‌లకు, నాలుగు పల్లాలకు కలిపి 64, విరిగేవి చూసుకుని 70 తీసుకోండి. అన్నీ ఎక్కించాకే ఎండ్ స్టాపర్ బిగించాలి. ఈ వరస మర్చిపోతే ట్రాక్ మొత్తం దింపాల్సి వస్తుంది.

గోడ నుంచి వెనక ట్రాక్ 3 అంగుళాలు, దాని నుంచి ముందుది మూడున్నర నుంచి 4 అంగుళాలు. ఇంతకన్నా దగ్గరైతే బ్లాకౌట్ మడతలు షియర్‌ను రుద్దుతాయి, ఒకటి లాగితే రెండోది కూడా వెంట వస్తుంది.

స్లైడింగ్ తలుపుకు ఇంకొకటి చూసుకోవాలి. మనుషులు నడిచేది ఒక పక్కే. 10 అడుగుల ట్రాక్ మీద కర్టెన్ తెరిచినప్పుడు రెండు పక్కలా అడుగు పైగా కుప్ప పడుతుంది, నడిచే దారిలో కొంత అదే ఉంటుంది. బ్లాకౌట్‌ను ఒకే పల్లాగా కుట్టించి, కదలని అద్దం వైపుకు మాత్రమే తోసేలా పెట్టుకుంటే దారి పూర్తిగా ఖాళీగా ఉంటుంది. ట్రాక్ అయితేనే ఇది కుదురుతుంది.

విశాఖ_గాలి:

సముద్రం దగ్గర ఉన్నవాళ్లు చదివితే ఒక మాట. పూత పూసిన ఇనుప బ్రాకెట్లు తీసుకోకండి. స్క్రూ బిగించినప్పుడు తల దగ్గర పూత గీరుకుపోతుంది, ఉప్పుగాలికి అక్కడే తుప్పు మొదలై షియర్ మీద గోధుమరంగు మరక దిగుతుంది. అది ఉతికినా పోదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ అల్యూమినియం గానీ తీసుకోండి. బ్రాకెట్ మంచిదైనా దానితో ఇచ్చే స్క్రూలు మామూలు ఇనుపవే ఉంటాయి చాలాసార్లు. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే పక్కన పెట్టి స్టెయిన్‌లెస్ స్క్రూలు విడిగా కొనుక్కోండి.

పాత పద్ధతి చెక్క కిటికీలకు దోమల జాలీ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అక్కడ రెక్క పై అంచు కింద నుంచి పోయేంత ఎత్తున రాడ్డు ఉండాలి. రాడ్డు కూడా కిటికీ దాటి రెండు పక్కలా జానెడైనా సాగాలి, లేకపోతే జాలీ తెరిచిన ప్రతిసారీ గుడ్డ ఇరుక్కుంటుంది.

పడమటి_కిటికీ:

రసమట్టం గారూ, చెప్పినట్టే 5 మి.మీ. బిట్‌తో చూశాను. ఎడమ పక్క మూడున్నర అంగుళాల దగ్గర బూడిదరంగు పొడి, గట్టిగా ఉంది. కుడి పక్క అదే దూరంలో తెల్ల పిండి. అక్కడ ఏం చేయాలి? ఊడిన పాత రంధ్రం బొటనవేలు పట్టేంత ఉంది. మరో సందేహం, పడమటి ఎండకు షియర్ బదులు రోలర్ బ్లైండ్ పెడితే వేడి తగ్గుతుందా?

రసమట్టం:

కుడి పక్క లింటెల్ పొట్టిగా ఆగింది. ఒకే కిటికీకి రెండు రకాల ప్లగ్గులు వాడాల్సిందే, అందులో తప్పేమీ లేదు.

ఎడమకూ నడిమికీ: 8 మి.మీ. బిట్, హ్యామర్ మీద, 60 మి.మీ. లోతు. 8×40 నైలాన్ ప్లగ్గు ప్లాస్టర్ దాటి లోపలికి పూర్తిగా దిగాలి, దానికి తగ్గట్టు స్క్రూ 60 మి.మీ. ప్లగ్గు సగం ప్లాస్టర్‌లోనే ఉండిపోతే పట్టు సగమే. బిట్ ఇనుప ఊచకు తగిలి ఆగితే బలవంతం చేయకండి, 20 మి.మీ. పక్కకు జరగండి.

కుడికి: హ్యామర్ ఆపేయండి. ఏఏసీ కోసమే చేసిన, ఒంటి మీద రెక్కలున్న నైలాన్ ప్లగ్గు తీసుకోండి. దొరక్కపోతే 10×80 పొడుగు ప్లగ్గు. బిట్ సైజు ప్లగ్గు మీదే అచ్చేసి ఉంటుంది, అంతకు మించొద్దు. రంధ్రంలో పొడి పూర్తిగా ఊదేయాలి. పిండి మిగిలితే ప్లగ్గు దాని మీదే జారుతుంది. స్క్రూను చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి. మిషన్‌తో బిగిస్తే బ్లాకులో ప్లగ్గు గిర్రున తిరిగి రంధ్రం పాడవుతుంది.

పాత రంధ్రంలో అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు దూర్చి తెల్ల సిమెంటు పూసి మళ్లీ అక్కడే బిగించడం చాలాచోట్ల చేస్తారు. అది నిలవదు. పుల్ల ఎండి కుంచించుకుపోతుంది. దాన్ని పూడ్చి వదిలేయండి.

ఇవన్నీ చేసినా కుడి పక్క మీద నమ్మకం కుదరకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీ, 4 అంగుళాల వెడల్పు, 7 అడుగుల 2 అంగుళాల పొడవు కోయించండి. 15 అంగుళాలకొక స్క్రూ చొప్పున, ఒకటి పైన ఒకటి కింద, గోడకు బిగించి, గోడ రంగే వేసి, బ్రాకెట్లను దాని మీద పెట్టండి. బరువు ఏడు చోట్లకు పంచుకుంటుంది కాబట్టి ఏ ఒక్క ప్లగ్గు మీదా లాగుడంతా పడదు.

మట్టం చూసేటప్పుడు కిటికీ ఫ్రేమును నమ్మొద్దు. మేస్త్రీల నీళ్ల పైపుతో రెండు చివర్లూ గుర్తు పెట్టండి. వాలు ఎక్కువైతే కర్టెన్ దానంతటదే ఒక పక్కకు జారవచ్చు.

వేడి విషయం. లోపల ఏది పెట్టినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. దాన్ని వెనక్కి పంపగలిగేది తెల్లటి ముఖమే. బ్లాకౌట్ అయినా రోలర్ అయినా అద్దం వైపు తెలుపో వెండిరంగో ఉంటే పనిచేస్తుంది. ముదురు రంగైతే గుడ్డే వేడెక్కి గదిలోకి వదులుతుంది. రోలర్‌ను కిటికీ గూట్లో పెట్టాలంటే లోతు కనీసం 3 అంగుళాలుండాలి. వెడల్పు పైన, నడిమిన, కింద కొలిచి, అన్నిటికన్నా తక్కువ దాన్నుంచి పావు అంగుళం తగ్గించి చెప్పండి. గుడ్డ వెడల్పు బ్రాకెట్లతో కలిపిన మొత్తం వెడల్పు కన్నా తక్కువ, కాబట్టి రెండు పక్కలా సన్నటి వెలుగు గీత తప్పదు. దాని మీద బ్లాకౌట్ ఎలాగూ ఉంది కదా. పిల్లలుంటే రోలర్ గొలుసు కింద వేలాడనివ్వకండి. లాగి గోడకు క్లిప్పుతో బిగించాలి, లేకపోతే మెడకు చుట్టుకుంటుంది.

కుచ్చిళ్లు:

కిటికీ గుడ్డ లెక్క కూడా చెప్పేస్తాను. రాడ్డు 7 అడుగుల 2 అంగుళాలు, దానికి రెట్టింపు 14 అడుగుల 4 అంగుళాలు. 48 అంగుళాల పన్నా గుడ్డ నాలుగు పల్లాలు తీసుకుంటే 16 అడుగులు, కుట్లకు పోయినా సరిపోతుంది. రాడ్డు 7 అడుగుల 4 అంగుళాల ఎత్తున ఉంటే, రాడ్డు పైన ఒకటిన్నర అంగుళం కలిపి, నేలకు అర అంగుళం వదిలి, తయారైన పొడవు 89 అంగుళాలు. పైనా కిందా మడతలకు 10 అంగుళాలు కలిపితే పల్లాకు 99, నాలుగింటికి, అంటే ఒక్క పొరకు, 10 మీటర్ల పైచిలుకు. పావు మీటరు ఎక్కువ తీసుకోండి. పూల డిజైన్ అయితే పువ్వుకు పువ్వు కలపడానికి ఇంకా పడుతుంది. నూలు గుడ్డయితే కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి.

ఐలెట్లు పల్లాకు సరిసంఖ్యలో ఉండాలి, 48 అంగుళాలకు 8. అప్పుడే రెండు అంచులూ గోడ వైపుకు తిరుగుతాయి. బేసిగా పడితే ఒక అంచు గదిలోకి మడత విప్పుకుని నిలబడుతుంది. నడిమి బ్రాకెట్ దగ్గర రెండు పల్లాలు కలిసేచోట చివరి ఐలెట్ దాటాక 2 అంగుళాల గుడ్డ వదలమని టైలర్‌కు ముందే చెప్పండి. బ్రాకెట్ మందం వల్ల రింగులు ఒకదానికొకటి ఆనవు. ఆ 2 అంగుళాలు ఒకదాని మీద ఒకటి పడితేనే సాయంత్రపు ఎండ మంచం మీదికి గీతలా రాకుండా ఉంటుంది.