దరఖాస్తులో ‘ప్రమాదవశాత్తూ’ అని రాయవచ్చా?

ప్రశ్న: ఇతరుల నిర్లక్ష్యం వల్ల మెట్ల మీద పడి గాయపడిన వ్యక్తి కోసం దరఖాస్తు రాయాలి. ‘ప్రమాదవశాత్తూ పడిపోయాను, దయతో పరిహారం ఇప్పించండి’ అని ముసాయిదా. భాష సరిగా ఉందా?

జవాబు: రెండు మాటలు మార్చాలండీ.

మొదటిది ‘ప్రమాదవశాత్తూ’. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు. అమరకోశం ‘ప్రమాదోఽనవధానతా’ అంటుంది. ‘ప్రమాదో ధీమతామపి’ అన్నప్పుడూ అదే అర్థం. కానీ తెలుగులో ఆ మాట ఏమరుపాటును వదిలేసి దాని ఫలితానికి పేరైంది. ఇప్పుడు ‘ప్రమాదవశాత్తూ’ అని చదివినవాళ్లు ‘ఎవరి తప్పూ లేదు’ అనే అర్థం చేసుకుంటారు. అడిగే హక్కే ఎదుటివాళ్ల తప్పు మీద నిలబడినప్పుడు, ఆ తప్పును మన చేత్తో మనమే కొట్టేసినట్టు.

రెండోది ‘దయతో’. దయతో ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. ఆ లాటిన్ మాటకు అర్థమే అది, బాధ్యత ఒప్పుకోకుండా ఇచ్చే సొమ్ము. మీరు అడుగుతున్నది నష్టపరిహారం. ఎంత నష్టమైందో లెక్క చూపించి ‘ఇప్పించవలసిందిగా కోరుతున్నాను’ అనండి, చాలు.

మరొకరు: ఒప్పుకుంటాను. అయితే ‘ప్రమాదవశాత్తూ’ బదులు ‘యజమాని నిర్లక్ష్యం వల్ల’ అని రాసి ఊరుకుంటే పని జరగదు. వాడుకలో నిర్లక్ష్యం అంటే లెక్కలేనితనం, మనిషి తీరు. చట్టం చూసేది వేరు: జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఉందా, దాన్ని తప్పారా, గాయం దానివల్లే అయిందా, నష్టం ఎంత? 1932లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత అప్పీలు కోర్టు కూడా అదే) తేల్చిన డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ కేసులో, సీసాలో కుళ్లిన నత్త ఉందని ఫిర్యాదు చేసినావిడ ఆ పానీయాన్ని కొనలేదు, స్నేహితురాలు కొనిపెట్టింది. అయినా తాగేవాళ్ల పట్ల తయారీదారుకు బాధ్యత ఉందన్నారు.

అందుకని విశేషణాలు తగ్గించి, కంటికి కనబడేది రాయాలి: ‘మూడో మెట్టు అంచు రెండంగుళాల మేర విరిగి ఉంది. అడ్డు పెట్టలేదు. హెచ్చరిక పలక లేదు.’ మెట్టు విరిగిందని అంతకుముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆ తేదీ కూడా వేయండి. తెలిసీ ఊరుకోవడానికి ‘ఉపేక్ష’ అన్న చక్కటి మాట ఉంది, నిర్లక్ష్యం కన్నా పదునైనది.

ఇంకొకరు: ఆస్పత్రి చీటీ సంగతి మరవకండి. చేరేటప్పుడు ‘జారిపడ్డారు’ అని రాసుకుంటే, తర్వాత ‘మెట్టు విరిగి ఉంది’ అన్నప్పుడు అవతలి పక్షం పట్టుకునేది ఆ తేడానే. ‘విరిగిన మెట్టు మీద కాలు పడి’ అని అక్కడే చెప్పి రాయించాలి. మెట్టును బాగుచేసేలోపు పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి. బిల్లులు, పోయిన పనిదినాల లెక్క, ముందుముందు అయ్యే వైద్యం ఖర్చు వేరువేరుగా చూపాలి. కేసు వేయడానికి గడువు దేశాన్ని బట్టి మారుతుంది, అది మొదట కనుక్కోండి.

ముఖ్యంగా, చిన్న మొత్తం చేతిలో పెట్టి సంతకం అడిగితే కాగితంలో ‘పూర్తి పరిష్కారంగా’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే, మానిందనుకున్న ఎముకకు రేపు మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనా అడగడానికి దారి ఉండకపోవచ్చు. గాయం ఎంతవరకు మానుతుందో వైద్యులు తేల్చేదాకా ఆ సంతకం ఆపడమే మంచిది.